అప్పు తీర్చడానికొచ్చిన లెక్కల టీచరు

హైదరాబాద్,
ఆదివారం

చిన్నీ,

నీ మెసేజ్ చదివాను. అంత పొడుగు సంగతికి రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోవడం బాగుండదనిపించి, కూర్చుని ఉత్తరమే రాస్తున్నాను. ఎమ్మెస్సీ మ్యాథ్స్, ఆ పైన బీఈడీ చేశావు. డీఎస్సీ రాసి హైస్కూల్లో టీచరవుదామనుకున్నావు. ఈలోగా బ్యాంకు వాయిదాలు మొదలయ్యేసరికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరావు. అక్కడ నీకిచ్చిన పని కోడ్ రాయడం కాదు, కోడ్ రాసేవాళ్లకి కంపెనీ కొత్తగా తెచ్చిన టూలు నేర్పడం. నీకంటే పదేళ్లు పెద్దవాళ్లు నీ క్లాసులో లాప్‌టాప్ తెరుచుకుని వేరే పని చేసుకుంటున్నారు. "ఇది ఇటు సాఫ్ట్‌వేరూ కాదు, అటు పంతులమ్మ పనీ కాదు. లోను తీరగానే వచ్చేస్తానక్కా" అన్నావు.

వచ్చేయొద్దని చెప్పడానికి రాయడం లేదు. టీచరుద్యోగం తక్కువదని నేనెప్పుడూ అనుకోలేదు, మన ఇంట్లో ఎవరూ అనుకోరు కూడా. కాకపోతే నీ మెసేజ్ చదువుతుంటే నాకొకావిడ గుర్తొచ్చింది. లెక్కల టీచరు. చదువుకోసం చేసిన అప్పు తీర్చుకోవడానికే కంప్యూటర్ కంపెనీలో చేరింది, తీరగానే బడికి వెళ్లిపోదామనుకుంది. ఆవిడకి మొదట ఇచ్చిన పని కూడా వినడానికి ఇష్టపడని పెద్దవాళ్లకి పాఠం చెప్పడమే. పేరు ఫ్రాన్సెస్ అలెన్. అందరూ ఫ్రాన్ అనేవాళ్లు. కంపైలర్ల మీద పనిచేసే నాలాంటివాళ్లం రోజూ ఆవిడ పెట్టిన అన్నమే తింటున్నాం, చాలామందికి ఆ సంగతి తెలియకపోయినా.

1932 ఆగస్టు 4న పుట్టింది. ఊరి పేరు పెరూ. దక్షిణ అమెరికాలో ఉన్న దేశం కాదు, న్యూయార్క్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, షాంప్లేన్ సరస్సు దగ్గరున్న పల్లె. నాన్న రైతు. అమ్మ బడిపంతులమ్మ. ఆరుగురు పిల్లల్లో ఈవిడే పెద్దది. మొదట చదివింది ఒకే గది ఉన్న బళ్లో. తర్వాత ఆల్బనీలో టీచర్ల కాలేజీలో లెక్కలు చదివి 1954లో డిగ్రీ తీసుకుంది, సొంతూరికి తిరిగొచ్చి రెండేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పింది. టీచరుగా నిలదొక్కుకోవాలంటే మాస్టర్స్ కావాలి. దానికోసం మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. అక్కడ లెక్కలతో పాటు అప్పుడప్పుడే పెడుతున్న కంప్యూటర్ కోర్సులు కూడా చదివింది. 1957లో మాస్టర్స్ డిగ్రీ చేతికొచ్చేసరికి నెత్తిమీద అప్పుంది. ఐబీఎం వాళ్లు క్యాంపస్‌కి వచ్చారు. ఆ రోజుల్లో ఆ కంపెనీ అమ్మాయిల్ని చేర్చుకోవడానికి 'మై ఫెయిర్ లేడీస్' అని ఒక కరపత్రం కూడా వేసింది. ఇప్పుడది చూస్తే నవ్వూ వస్తుంది, కాస్త ఒళ్లూ మండుతుంది. 1957 జూలై 15న ఐబీఎం పరిశోధన విభాగంలో చేరింది. అప్పు తీరేదాకా ఉంటే చాలనుకుంది. నలభై అయిదేళ్లు ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయిందన్నది నీకు పనికొచ్చే సంగతి. అందుకే ఆ మొదటి ఉద్యోగం గురించి కాస్త వివరంగా చెబుతాను.

అంతకుముందు ప్రోగ్రాం రాయడమంటే యంత్రానికి అర్థమయ్యే చిన్న చిన్న ఆదేశాలు ఒక్కొక్కటీ మనిషే పేర్చడం. ఒక సమీకరణం లెక్కించాలన్నా పేజీల కొద్దీ ఆదేశాలు. ఐబీఎంలో జాన్ బ్యాకస్ అనే ఆయన 1954లో ఒక చిన్న బృందాన్ని కూడగట్టి, మనం లెక్క రాసుకున్నట్టే రాస్తే యంత్రభాషలోకి దానంతటదే మారే పద్ధతి ఒకటి మొదలుపెట్టాడు. అదే ఫోర్ట్రాన్. 1957 ఏప్రిల్‌లో ఐబీఎం 704 యంత్రం కోసం ఆ మార్పు చేసే ప్రోగ్రాం, అంటే మొదటి ఫోర్ట్రాన్ కంపైలర్, బయటికొచ్చింది. ఫ్రాన్ చేరేనాటికి దాని వయసు మూడు నెలలు. దాన్ని కంపెనీలోని శాస్త్రవేత్తలకి నేర్పమని ఈ లెక్కల టీచర్ని పంపించారు.

ఆ శాస్త్రవేత్తలు నీ క్లాసులో కూర్చున్న సీనియర్లకి అన్నలే అనుకో. చేత్తో ఆదేశాలు పేర్చి, ఒక్క క్షణం కూడా వృథా కాకుండా యంత్రాన్ని పరిగెత్తించడంలో చెయ్యి తిరిగినవాళ్లు. మనిషి రాసినంత బాగా ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాం రాయగలదంటే వాళ్లకి నమ్మకం లేదు. నమ్మకపోవడంలో తప్పేం లేదు కూడా. యంత్రం మీద గడిచే ప్రతి గంటకీ బోలెడంత ఖర్చయ్యే కాలం. కంపైలర్ నెమ్మదైన కోడ్ ఇస్తే ఎవరూ దాని మొహం చూడరని బ్యాకస్‌కి కూడా ముందే తెలుసు. అందుకే వాళ్లు భాష ఎలా ఉండాలన్న దానికంటే, అది పుట్టించే కోడ్ ఎంత వేగంగా నడవాలన్న దానిమీదే ఎక్కువ కష్టపడ్డారు.

ఇక్కడ ఫ్రాన్ చేసిన పని చూడు. మాన్యువల్లో ఉన్నది చెప్పి, హాజరు వేసుకుని, సాయంత్రం ఇంటికెళ్లిపోవచ్చు. ఆవిడ ఆ కంపైలర్ సోర్స్ కోడ్ తెప్పించుకుని చదివింది. తను పాఠం చెబుతున్న వస్తువు లోపల ఏం జరుగుతోందో తనకి తెలియాలని. కంపైలర్ల మీద తన ఆసక్తి పుట్టింది ఆ చదువులోనే అని, వాటి గురించి తను ఆలోచించే తీరు కూడా అక్కడే స్థిరపడిందని తర్వాతెప్పుడో చెప్పింది.

ఆ కంపైలర్లో ఆరు భాగాలు ఉండేవి. నాలుగో భాగం రాసింది లోయిస్ హైబ్ట్ అనే అమ్మాయి. కాలేజీ నుంచి తిన్నగా బ్యాకస్ బృందంలోకి వచ్చింది. నీ ప్రోగ్రాం ఏ దారిలో ఎక్కువసార్లు నడుస్తుందో ముందే అంచనా కట్టడం ఆ భాగం పని. ప్రోగ్రాంని మధ్యలో మలుపులు లేని ముక్కలుగా కోసి, ఏ ముక్క నుంచి ఏ ముక్కకి పోవచ్చో చూసి, పాచికలు వేసినట్టు యాదృచ్ఛికంగా ఆ దారుల్లో నడిపించి, ఎక్కడ రద్దీ ఎక్కువో తేల్చేది. 1957లో! ఫ్రాన్ చదివిన కోడ్‌లో ఇదంతా ఉంది. పదమూడేళ్ల తర్వాత తనకి పేరు తెచ్చిన సిద్ధాంతానికి విత్తనం ఇక్కడే పడిందని నా అంచనా. ఆవిడ ఇలా అన్నట్టు నేనెక్కడా చదవలేదు కానీ, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నీకూ అదే తోస్తుంది.

కంపైలర్ ఏం చేస్తుందో నీకు లెక్కల్లో చెప్పడం తేలిక. ఒక లూప్ ఉందనుకో. వెయ్యిసార్లు తిరుగుతుంది. లోపల ఒక వరుసలో x ఇంటూ y అనే గుణకారం ఉంది. ఆ వెయ్యిసార్లలో x గానీ y గానీ మారకపోతే, ఆ గుణకారం లోపల ఉంచడం దండగ. దోసె దోసెకీ చట్నీ రుబ్బం కదా, ముందే ఒకసారి రుబ్బి పెట్టుకుంటాం. కంపైలర్ కూడా దాన్ని లూప్ బయటికి లాగాలి. మనిషికి ఇది చూడగానే తెలుస్తుంది. కంపైలర్‌కి చూపు లేదు. లూప్ మధ్యలో ఎక్కడో ఒక షరతు ఉండి, అది నిజమైనప్పుడు మాత్రమే x మారుతుందేమో. అక్కణ్నించి బయటికి దూకే ఆదేశం ఇంకేదైనా ఉందేమో. ఒక్క దారి చూసుకోకపోయినా జవాబు తప్పవుతుంది. వేగంగా వచ్చిన తప్పు జవాబు ఎవరికి కావాలి? కాబట్టి ప్రోగ్రాం పోగల దారులన్నీ లెక్కలోకి తీసుకుని, "ఇది మార్చినా ఫలితం మారదు" అని నిరూపించుకున్నాకే చెయ్యి పెట్టాలి.

నువ్వు ఎమ్మెస్సీలో గ్రాఫ్ థియరీ చదివావు. అది ఎక్కడ పనికొస్తుందక్కా అని అడిగావు ఒకప్పుడు. ఇదిగో, ఇక్కడ. మలుపులు లేని ప్రతి ముక్కా ఒక బిందువు. ముక్క నుంచి ముక్కకి పోయే దారి ఒక బాణం. ప్రోగ్రాం మొత్తం ఒక దిశాయుత గ్రాఫ్ అయిపోతుంది. ఫ్రాన్ 1966లో రాసిన పత్రంలో ప్రోగ్రాంని ఇలా గ్రాఫుగా చూడటం మొదలైంది. 1970లో వచ్చిన 'కంట్రోల్ ఫ్లో అనాలిసిస్' పత్రంలో ఆ గ్రాఫుని, లోపలికి రావడానికి ఒకే ద్వారం ఉన్న ప్రాంతాలుగా విడగొట్టి, ఆ ప్రాంతాల్ని మళ్లీ బిందువులుగా కుదించి, ఎంత చిక్కటి లూపుల అల్లికనైనా మెట్టుమెట్టుగా విప్పే పద్ధతి చూపించింది. 1976లో ఐబీఎంలోనే తనతో పనిచేసిన జాన్ కాక్‌తో కలిసి రాసిన పత్రం, ఒక చోట వేసిన విలువ ఎక్కడెక్కడిదాకా చేరుతుందో ఆ గ్రాఫు మీద లెక్కగట్టే విధానం చెబుతుంది. అంతకుముందు కంపైలర్లలో ఇలాంటి కిటుకులు లేక కాదు. ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకునేవాళ్లు. వాటికి లెక్కల పునాది వేసినవాళ్లలో ఈవిడ ముందువరుసలో ఉంది. బోర్డు మీద పిల్లలకి మెట్టుమెట్టుగా చెప్పిన మనిషి కాబట్టే అంత శుభ్రంగా రాయగలిగిందని నాకనిపిస్తుంది. ఆ పత్రాలు నీకు పంపుతాను. యాభై ఏళ్ల కిందటివే అయినా నీ ఎమ్మెస్సీ పుస్తకాలకంటే సులువుగా ఉంటాయి.

ఇదంతా విని ఆవిడ జీవితం నల్లేరు మీద నడక అనుకునేవు. పనిచేసిన పెద్ద ప్రాజెక్టుల్లో రెండు, కంపెనీ లెక్క ప్రకారం, దెబ్బతిన్నవే.

ఫోర్ట్రాన్ తర్వాత ఆవిడని స్ట్రెచ్ అనే యంత్రం మీద వేశారు. 704 కంటే వందరెట్లు వేగంగా నడవాలని సంకల్పం. 1961లో మొదటిది లాస్ అలమోస్‌కి చేరేసరికి అంత వేగం రాలేదు. కంపెనీ అధ్యక్షుడు టామ్ వాట్సన్ జూనియర్ నలుగురిలో ఆ సంగతి ఒప్పుకుని, కోటీ ముప్ఫై అయిదు లక్షల డాలర్ల ధరని సుమారు డెబ్భై ఎనిమిది లక్షలకి దించేశాడు. అప్పటికే మాటిచ్చినవాళ్లకి తప్ప ఇంకెవరికీ అమ్మలేదు. దానికి తోడుగా హార్వెస్ట్ అని ఇంకో యంత్రం కట్టారు, ప్రపంచంలో ఒక్కటంటే ఒక్కటి. అమెరికా నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీకి, రహస్య సంకేతాలు విప్పే పనికి. 1962లో అప్పగించారు. ఆ గూఢచారి సంస్థకీ ఐబీఎంకీ మధ్య కంపైలర్ విషయాలు చూసినది ఫ్రానే. సంకేతాల పనికోసం ఆల్ఫా అనే భాష తయారు చేయడంలోనూ ఆవిడ చెయ్యుంది.

ఆ రెండు యంత్రాల కోసం కట్టిన కంపైలర్ సంగతి మాత్రం గుర్తుపెట్టుకో. మూడు భాషలు: ఫోర్ట్రాన్, ఆటోకోడర్, ఆల్ఫా. రెండు యంత్రాలు: స్ట్రెచ్, హార్వెస్ట్. ఒక్కో జతకీ ఒక్కో కంపైలర్ రాస్తే ఆరు రాయాలి. అలా కాకుండా భాషలన్నిటినీ మధ్యలో ఒకే రూపంలోకి మార్చి, కోడ్‌ని మెరుగుపరిచే పనంతా ఆ ఒక్కచోటే చేసి, ఆ తర్వాత ఏ యంత్రానికి కావలసింది దానికి అందించాలని ప్రయత్నించారు. ఇవాళ నేను ఆఫీసులో పనిచేసే ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ వ్యవస్థ ఇదే ఆకారంలో ఉంటుంది. ఒక చివర సీ, రస్ట్, స్విఫ్ట్ భాషలు. ఇంకో చివర ఫోన్ల చిప్పులూ సర్వర్ల చిప్పులూ. యంత్రం ఓడిపోయింది కానీ దాని కడుపులో పుట్టిన ఆలోచన ఇప్పటికీ జీతాలిస్తోంది.

రెండోది ఏసీఎస్. 1960ల మధ్యలో కాలిఫోర్నియాలో మొదలైంది. ఒకేసారి అనేక ఆదేశాలు నడిపే మహావేగపు యంత్రం కట్టాలని. ఫ్రాన్ కంపైలర్ వైపు. చిప్పునీ కంపైలర్‌నీ ఒకదానికోసం ఒకటి అన్నట్టు కలిపి రూపొందించాలని చూశారు. 1969లో ప్రాజెక్టు ఎత్తేశారు. ఆ యంత్రం ఎప్పుడూ బయటికి రాలేదు.

నువ్వు చేసిన పని కూడా ఏదో ఒకనాడు ఇలాగే ఎత్తేస్తారు. ఒక మీటింగు పెట్టి, రెండు స్లైడ్లు చూపించి, "వ్యూహం మారింది" అంటారు. అప్పుడు చేతిలో ఏం మిగులుతుందన్నదే ప్రశ్న. ఫ్రాన్‌కి మిగిలింది ఆవిడ రాసిపెట్టుకున్నది. ఇందాక చెప్పిన జాన్ కాక్ మహా మేధావి, కంప్యూటర్ రంగంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు 1987లో ఆయనకే ఇచ్చారు. ఆయన వరండాల్లో నిలబడి ఆలోచనలు వెదజల్లుకుంటూ పోయేవాడు, కాగితం మీద పెట్టడం మాత్రం తక్కువ. ఆయన ఊహలు చాలామటుకు పక్కవాళ్లు రాయబట్టే మనదాకా వచ్చాయి. అలా రాసినవాళ్లలో ఫ్రాన్ ముఖ్యురాలు. ఏసీఎస్ మూతపడ్డాక, కోడ్‌ని మెరుగుపరిచే పద్ధతులన్నిటికీ ఇద్దరూ కలిసి ఒక జాబితా కట్టారు. లూప్‌లోంచి బయటికి లాగేది, రెండుసార్లు చేసే లెక్కని ఒకసారికి తగ్గించేది, ఎప్పటికీ నడవని కోడ్‌ని తీసేసేది, ఇలా ఒక్కోదానికీ పేరూ ఉదాహరణా. తర్వాత వచ్చిన కంపైలర్ పాఠ్యపుస్తకాల్లో ఆ పద్ధతులు పాఠాలయ్యాయి. పంతులమ్మ చేతి నోట్సు కదా మరి.

కాబట్టి నీ క్లాసులో సీనియర్లు అడిగే చిక్కు ప్రశ్నలు, వాళ్లు టూలుని ఎందుకు తిట్టుకుంటున్నారో, అందులో ఏ తిట్టు నిజమో, అన్నీ రాసి పెట్టుకో. టూలు తయారుచేసినవాళ్లకి కూడా అంత సమాచారం ఉండదు. అది వాడేవాళ్ల మధ్య రోజంతా నిలబడేది నువ్వొక్కదానివే.

ఆడవాళ్ల సంగతి అడుగుతావని తెలుసు, ఎందుకంటే మీ టీములో నువ్వొక్కదానివే అమ్మాయివన్నావు. ఇది విన్నప్పుడల్లా నాకు విచిత్రంగా ఉంటుంది: ఫ్రాన్ చేరిన కొత్తల్లో ప్రోగ్రామింగులో ఆడవాళ్లు బాగానే ఉండేవాళ్లు. అప్పటికి కంప్యూటర్ సైన్స్ అనే డిగ్రీయే లేదు. లెక్క తెలిసి, ఓపికుంటే చాలు. అది ఇంజనీరింగు చదువుల కిందికి వెళ్లి, ఆ డిగ్రీ ఉంటేనే ఉద్యోగం అయ్యేసరికి, అప్పట్లో ఆ కాలేజీల గడప తొక్కే అమ్మాయిలు తక్కువ కాబట్టి, దారి సన్నబడిపోయిందని ఆవిడ వాదన. మన దగ్గర బీటెక్‌లలో కంప్యూటర్ క్లాసుల నిండా అమ్మాయిలే ఉంటారు, ఆ లెక్క మనకి అచ్చంగా వర్తించదు. మన దగ్గర సన్నబడేది చదువులో కాదు, పెళ్లయి పిల్లలు పుట్టాక. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే ఆగను.

ఐబీఎంలో అత్యున్నతమైన ఫెలో హోదా 1989లో ఆవిడకి ఇచ్చారు. ఆ కంపెనీలో ఒక మహిళకి ఆ హోదా రావడం అదే మొదలు. చేరిన ముప్ఫై రెండేళ్లకి. 2002లో రిటైరయింది. 2006 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ప్రకటించేనాటికి ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. 1966 నుంచీ ఇస్తున్న బహుమతి అది, అప్పటిదాకా ఒక్క ఆడమనిషికీ ఇవ్వలేదు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డి గారికి 1994లోనే ఇచ్చారు. అంటే కాటూరు నుంచి ఆ వేదిక దాకా ఒక తెలుగువాడు నడిచివెళ్లిన పన్నెండేళ్లకి గానీ, అదే రంగంలో మొదట్నించీ పనిచేస్తున్న ఆడవాళ్లలో ఒకరు దాన్ని ఎక్కలేకపోయారు. ఆ తర్వాత రెండేళ్లకే ఇంకో మహిళ, బార్బరా లిస్కోవ్‌కి కూడా వచ్చింది. తలుపు ఒకసారి తెరుచుకున్నాక తర్వాతివాళ్లకి అంత ఆలస్యం కాలేదు.

నాకు అవార్డులకంటే ఇష్టమైనది పీట్రాన్ కాలం. 1980ల మొదట్లో ఆవిడ పీట్రాన్ అనే ప్రాజెక్టు కోసం ఒక కొత్త బృందం కట్టింది. ఒకే ప్రాసెసర్ కోసం వరుసగా రాసిన ఫోర్ట్రాన్ ప్రోగ్రాంలని, మనిషి చెయ్యి పెట్టకుండా, అనేక ప్రాసెసర్ల మీద ఒకేసారి నడిచేలా మార్చడం లక్ష్యం. అప్పటికే యాభై ఏళ్ల మనిషి. యూనివర్సిటీల నుంచి కుర్రవాళ్లనీ అమ్మాయిల్నీ తెచ్చుకుంది. రాన్ సైట్రన్, జీన్ ఫెరాంటే ఆ బృందంలోనివాళ్లే. వాళ్లూ ఐబీఎంలోని మరికొందరూ కలిసి, ప్రోగ్రాంలోని ప్రతి చరరాశికీ ఒక్కసారే విలువ వచ్చేలా తిరగరాసే రూపాన్ని సమర్థంగా కట్టే పద్ధతి కనిపెట్టారు. ఎస్ఎస్ఏ అంటాం. ఇప్పుడు జీసీసీ అనే కంపైలర్లో, ఎల్ఎల్‌వీఎంలో, నీ ఫోన్లోని బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్ ఇంజన్లో కూడా అదే రూపం ఉంది. ఆ పద్ధతిని వివరించిన పత్రం మీద ఫ్రాన్ పేరు లేదు. ఉండాలని ఆవిడ పట్టుబట్టినట్టు కూడా ఎక్కడా కనిపించదు. పేరు కోసం వెంపర్లాడే బాసులతో పనిచేసిన నాకు ఈ ముక్క చాలా గొప్పగా తోస్తుంది. చిన్నవాళ్లని పైకి తీసుకురావడం ఆవిడకి ఎంత అలవాటంటే, కంపెనీ 2000లో ఆవిడ పేరునే ఒక మెంటరింగ్ బహుమతి పెట్టింది.

అన్నిటికీ తలూపే మనిషి కాదులే. సీ భాష అంటే ఆవిడకి పడదు. అది వచ్చి కంపైలర్ల పరిశోధనని వెనక్కి లాగేసిందని బాహాటంగానే అంది. సీలో పాయింటర్లు, అంటే మెమరీ చిరునామాలు పట్టుకునే చరరాశులు, ఎక్కడైనా వేలు పెట్టగలవు. x మారలేదని నిరూపిద్దామంటే, ఏ పాయింటరు దాన్ని దొంగచాటుగా మార్చిందో చెప్పలేం. ప్రోగ్రామరు తనకి కావలసింది ఏమిటో చెబితే చాలు, ఎలా చేయాలో కంపైలర్‌కి వదిలేయాలన్నది ఆవిడ పక్షం. నేను ఆవిడతో సగమే ఏకీభవిస్తాను. సీ లేకపోతే యూనిక్స్ అన్ని యంత్రాల మీదికీ అంత తేలిగ్గా పాకేది కాదు. కానీ పాయింటర్ల గురించి ఆవిడ విసుగు మాత్రం నాది కూడా.

ఇంకో మాట, ఆవిడ పొద్దస్తమానం ఆఫీసులోనే ఉండిపోయిన మనిషి కాదు. కొండలెక్కేది. సరదాకి కాదు, అమెరికా, కెనడాల ఆల్పైన్ క్లబ్బుల్లో సభ్యురాలు. 1972లో జాక్ ష్వార్ట్జ్ అనే గణితవేత్తని పెళ్లి చేసుకుంది, పదేళ్లకి విడిపోయారు. చివరి రోజుల్లో అల్జైమర్స్ వచ్చింది. 2020లో, సరిగ్గా ఎనభై ఎనిమిదో పుట్టినరోజున పోయింది.

ఇప్పుడు నీ దగ్గరికొస్తాను. ఆవిడ కథ చెప్పి, "చూడు, నువ్వూ అలాగే అయిపోతావు" అంటే అది మోసం. 1957 నాటి ఐబీఎం పరిశోధన విభాగం వేరు, మీ కంపెనీ వేరు. అక్కడ ఏళ్ల తరబడి ఒక ప్రశ్న పట్టుకు కూర్చోనిచ్చారు. ఓడిపోయిన యంత్రాల మీద కూడా జీతాలిచ్చి ఆలోచించనిచ్చారు. నీకు గంటగంటకీ టైంషీట్ నింపాలి. సోర్స్ కోడ్ అడిగితే ఇస్తారో లేదో కూడా తెలియదు. పైగా కోడ్ రాసే పని ఇప్పుడు ఏఐకి అప్పజెబుతున్నారని అందరూ భయపడుతున్నారు. ఆ భయం ఉత్తదని అనను. కానీ యంత్రం రాసిన దాన్ని నమ్మని శాస్త్రవేత్తల ముందు, అది లోపల ఏం చేస్తోందో చదివి చెప్పగలిగిన టీచరు ఒకామె 1957లో అవసరమైంది. యంత్రం రాసేది పెరిగేకొద్దీ అలాంటి మనిషి అవసరం తగ్గుతుందని నాకైతే నమ్మకం లేదు.

డీఎస్సీ సంగతి: నోటిఫికేషన్ వస్తే రాయి. తప్పకుండా రాయి. రాదేమోనని ఇక్కడ ఉండిపోవద్దు, వస్తుందేమోనని ఇక్కడి పని సగం మనసుతో చేయొద్దు. సగం మనసుతో చేసిన రెండేళ్లు ఏ ఉద్యోగానికీ అనుభవం కిందికి రావు. బడికే వెళ్లావనుకో, గ్రాఫులంటే ఏమిటో, కంప్యూటర్ లోపల అవి ఏం చేస్తాయో పిల్లలకి చెప్పగలిగే లెక్కల టీచర్లు మన జిల్లాలో ఎంతమంది ఉన్నారు చెప్పు. లోను వాయిదాలు మాత్రం ఆపకు, జీతం పెరిగితే అసలులోకి కాస్త ఎక్కువ కట్టు. ఇది ఫ్రాన్ చెప్పింది కాదు, నేను చెబుతున్నది.

వచ్చే వారం నీకు సెలవు దొరికిన రోజున ఈ చిన్న పని చెయ్యి. నీ లాప్‌టాప్‌లో జీసీసీ వేసుకో. సీలో పది వరుసల ప్రోగ్రాం రాయి: ఒక లూప్, లోపల మారని గుణకారం ఒకటి, ఎప్పటికీ నిజం కాని షరతు ఒకటి, ఎవరూ వాడని చరరాశి ఒకటి. ముందు ఆప్టిమైజేషన్ లేకుండా, ఓ-సున్నా పెట్టి అసెంబ్లీ తీయించు. తర్వాత ఓ-రెండు పెట్టి తీయించు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఏది మాయమైందో, ఏది చోటు మారిందో, ఎందుకో వరుస పక్కన తెలుగులోనే రాయి. తర్వాత ఆ గుణకారంలోని ఒక చరరాశి చిరునామాని, నిర్వచనం వేరే ఫైల్లో ఉన్న ఫంక్షన్‌కి ఇచ్చి, లూప్ లోపల ఆ ఫంక్షన్‌ని పిలిచి చూడు. అప్పుడు ఏం మారిందో చూశాక, సీ మీద ఫ్రాన్‌కి కోపమెందుకో నువ్వే నాకు చెబుతావు. ఆ కాగితాలు ఫోటో తీసి పంపు. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చెయ్యి, అప్పటికి మీ బావ పిల్లాణ్ని పడుకోబెడతాడు, నేను ఖాళీగా ఉంటాను.

అక్క